సుల్తాన్ బజార్‌లో ఎన్ని భాషలు? లెక్కలో దొరకని సంగతులు

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీరు ఎంఏ భాషాశాస్త్రం చదువుతున్నారు. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్, గౌలిగూడ, కాచిగూడ ప్రాంతం మీద ప్రాజెక్టు. ఏ భాషవాళ్ళు ఎంతమందో వీధులవారీగా లెక్క ఎక్కడ దొరుకుతుందని ఒక ప్రశ్న. ఇంత చిన్న చోట ఇన్ని భాషలు ఎలా పోగయ్యాయని ఇంకోటి. పని ఎలా మొదలుపెట్టాలని మూడోది.

నేను సర్కారు బడిలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. గౌలిగూడలో నలభై ఏళ్ళ పైచిలుకు కాపురం. 1991, 2001, 2011 మూడు జనగణనల్లోనూ అట్టా, పెన్నూ పట్టుకుని ఈ సందులే తిరిగాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. వీధిస్థాయిలో మాతృభాష లెక్క బయటికి ఇవ్వరు. జిల్లాల లెక్క దొరుకుతుంది. 2011లో హైదరాబాద్ జిల్లా జనాభా 39 లక్షల పైన. అందులో ఉర్దూ, తెలుగు ఇంచుమించు సమానంగా, చెరో నలభై శాతానికి పైగా ఉన్నాయి. మిగిలిన కాస్తలోనే హిందీ, మరాఠీ, తమిళం, కన్నడం, గుజరాతీ అన్నీ సర్దుకోవాలి. ఆ పట్టిక చూసి సుల్తాన్ బజార్ ఎలా ఉంటుందో ఊహించలేరు. అసలు సంగతి ఇంకోటి ఉంది. వీధుల లెక్క మీ చేతికి వచ్చినా అది మిమ్మల్ని దారి తప్పిస్తుందనే నా అనుమానం. ఎందుకో చెప్తాను.

2011 ఫారంలో పదో ప్రశ్న మాతృభాష, పదకొండోది వచ్చిన ఇతర భాషలు. రెండోదాంట్లో రెండే రాయాలి, బాగా వచ్చినది ముందు. మాతృభాష అంటే ఆ మనిషితో చిన్నప్పుడు తల్లి మాట్లాడిన భాష అని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. వినడానికి సులువే. 2001లో ఒక గోదాము మీద గదిలో ఉండే బంజారా కుటుంబం దగ్గరికి వెళ్ళాను. "ఏ భాషమ్మా మీది?" అంటే ఆమె తడుముకోకుండా "తెలుగే సారూ" అంది. రాసుకుని మెట్లు దిగుతున్నాను, వెనకనుంచి కొడుకుని ఏదో కేకేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ పైకెక్కి "మరి ఇప్పుడు మాట్లాడింది ఏంటమ్మా?" అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసి, "అది ఇంట్ల మాట్లాడేది సారూ. మీరు భాష అడిగిండ్రు గదా!" అంది.

భాష అంటే ఆమె లెక్కలో బడిలో ఉండేది, బోర్డు మీద రాసేది. ఇంట్లో మాట్లాడేదానికి ఆ పేరు చెల్లదు. నేను తెలుగు కొట్టేసి లంబాడీ అని రాశాను. అది చివరికి దిల్లీ పట్టికల్లో ఎక్కడ తేలుతుందో తెలుసా? హిందీ అనే పెద్ద గంపలో ఒక వరుసగా. మార్వాడీ కూడా అదే గంపలో ఉంటుంది. 2011లో దేశమంతా జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని దులిపి, జల్లించి, కలిపి చివరికి తేల్చినవి 121 భాషలు. జల్లెడ తప్పని నేననను, దేశం మొత్తానికి లెక్క కావాలంటే జల్లెడ పట్టాల్సిందే. కానీ మీకు కావాల్సింది ఆ జల్లెడలోంచి కిందకి పోయిన పిండే.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడికి వచ్చిన ప్రతి భాషా ఏదో ఒక పని పట్టుకుని వచ్చింది. అరబ్బీ సైనికులతో వచ్చింది. వాళ్ళ బ్యారక్సే నోట్లో నలిగి బార్కస్ అయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు ఏసీ గార్డ్స్ అయింది. ఆ పేరు వినగానే ఎయిర్ కండిషనర్ల కంపెనీ అనుకునే కుర్రాళ్ళని నేనే చూశాను. 1832లో పంజాబ్ నుంచి రంజిత్ సింగ్ పంపిన దళాల వారసులే మన దక్కనీ సిక్కులు. సికింద్రాబాద్ తమిళం ఇంగ్లిషు పటాలాల వెనకాల వచ్చింది. వీళ్ళ గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వదిలేస్తాను. మీ ప్రాంతం సైన్యంతో నిండింది కాదు, డబ్బుతోనూ కాగితంతోనూ నిండింది.

కోఠి అంటే నిజాం దగ్గర ఉండే ఇంగ్లిషు ప్రభుత్వ ప్రతినిధి, అంటే రెసిడెంటు భవనం, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న చోటు. దాని చుట్టూ ఉన్న బజారుని రెసిడెన్సీ బజార్ అనేవాళ్ళు. ఊరు నిజాంది, ఈ నాలుగు వీధులు మాత్రం ఇంగ్లిషువాళ్ళ అధికారం కింద. షావుకారుకి ఇంతకన్నా ఏం కావాలి? అప్పు నవాబులకిస్తాడు, ఇల్లు నవాబు చెయ్యి అందని చోట కట్టుకుంటాడు. అలా మార్వాడీలు, గుజరాతీలు, ఇతర వ్యాపారులు ఇక్కడ చేరారు. 1933లో ఈ బజార్లని నిజాంకి తిరిగి అప్పగించాక పేరు సుల్తాన్ బజార్‌గా మారింది. పేరు మారింది గానీ దుకాణాలు మారలేదు.

కాగితం సంగతి. హైదరాబాద్ రాజ్యంలో 16 జిల్లాలు. ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి. 1884లో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. నాందేడ్ నుంచో రాయచూరు నుంచో వచ్చిన గుమాస్తా ఇంట్లో మరాఠీయో కన్నడమో మాట్లాడేవాడు, కచేరీలో ఉర్దూ రాసేవాడు, కూరలబండి దగ్గర తెలుగు బేరమాడేవాడు. దానికి తోడు మన్మాడ్ దాకా వేసిన మీటర్ గేజి రైలు. కాచిగూడ స్టేషన్ ఆ లైనుకే పుట్టింది, ఇప్పుడున్న భవనం 1916 నాటిది. మరాఠ్వాడా పల్లెలో రైలెక్కినవాడు దిగేది కాచిగూడలో. దిగినవాడు ఎక్కువ దూరం పోడు, తనవాళ్ళున్న సందే వెతుక్కుంటాడు. 1956లో రాజ్యాన్ని మూడు ముక్కలు చేసి పంచారు. మరాఠీ జిల్లాలు అటు, కన్నడ జిల్లాలు ఇటు పోయాయి. ఆ గుమాస్తాల ఇళ్ళు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. జాంబాగ్‌లో 1907 నాటి మరాఠీ విద్యాసంస్థ వివేకవర్ధిని, కాచిగూడలో కన్నడవాళ్ళ నృపతుంగ బడి, ఇసామియా బజార్‌లో మరాఠీ గ్రంథ సంగ్రహాలయ, అన్నీ ఒక మధ్యాహ్నం నడిస్తే చూసేయొచ్చు.

వివేకవర్ధిని పేరొచ్చింది కాబట్టి ఒక కథ చెప్పాలి. ఈ ప్రాంతంలో భాషలన్నీ పాలూ నీళ్ళలా కలిసిపోయాయని మీ రిపోర్టులో రాస్తారేమోనని నా భయం. కలవలేదు. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు పుణె నుంచి వచ్చిన మహర్షి కర్వే. ఉపన్యాసాలు ఇంగ్లిషులో, ఉర్దూలో, మరాఠీలో సాగుతున్నాయి, అందరూ వింటున్నారు. ఆలంపల్లి వెంకట రామారావు లేచి ఒక తీర్మానం మీద తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టారు. సభలో నవ్వులు, ఈలలు, చప్పట్లు. మాట సాగనివ్వలేదు. సంఘ సంస్కరణ సభ అది, గుర్తుపెట్టుకోండి. ఆ రాత్రే మాడపాటి హనుమంతరావు వంటి కొద్దిమంది ఒకచోట కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది.

ఈ కథని తెలుగువాళ్ళం తెలుగుకి జరిగిన అవమానం అని చెప్పుకుంటాం, నిజమే. కానీ ఇంకోవైపు నుంచీ చూడండి. సభ జరిగిన థియేటరుకి నడిచిపోయేంత దూరంలో, రెసిడెన్సీ బజార్‌లోనే రావిచెట్టు రంగారావు ఇంట్లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. దాన్ని పెట్టిన పెద్దల్లో కొమర్రాజు లక్ష్మణరావు ఒకరు. ఆయన నాగపూర్‌లో చదివి, మరాఠీలో వ్యాసాలు రాసిన మనిషి. అంటే మరాఠీ బాగా తెలిసినాయన తెలుగు గ్రంథాలయం పెట్టాడు, మరాఠీ బడిలో తెలుగుని గేలి చేశారు. రెండూ ఒకే పేటలో, ఇరవై ఏళ్ళ తేడాతో. కలిసి ఉండటం, పోటీపడటం ఇక్కడ రెండూ ఒకే మనుషులు చేసిన పనులు. మీ ప్రాజెక్టులో ఒకటే రాసి ఒకటి వదిలేస్తే సగం చెప్పినట్టే.

ఇప్పుడు మీ సబ్జెక్టుకి దగ్గరగా వద్దాం. ఈ భాషలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకున్న మాటల జాబితా అందరూ రాస్తారు. దవాఖానా, షురూ, పరేషాన్, జర, బరాబర్ తెలుగులోకి వచ్చాయనీ, దక్కనీలోని, అంటే మన హైదరాబాదీ ఉర్దూలోని "నక్కో" మరాఠీ "నకో" నుంచి వచ్చిందనీ. అది రాయండి గానీ అక్కడ ఆగకండి. మాటలు అప్పు తెచ్చుకోవడం పక్కింటి నుంచి చక్కెర తెచ్చుకోవడం లాంటిది. వంట చేసే పద్ధతే మారిపోతే అదీ విశేషం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలుగులో "రేపొస్తానని చెప్పాడు" అంటాం. చెప్పిన మాట ముందు, దాని వెనక "అని", చివర "చెప్పాడు". దిల్లీ హిందీవాడు దీన్ని తిరగేస్తాడు: "ఉస్‌నే కహా కి..." అని ముందే "చెప్పాడు" అనేసి, తర్వాత "కి" పెట్టి, ఆ తర్వాత మాట చెప్తాడు. గౌలిగూడలో టైరు పంక్చర్లేసే అబ్బాయి ఏమంటాడో వినండి: "కల్ ఆతూఁ బోల్‌కే బోలా." మాటలన్నీ ఉర్దూవే. కానీ "బోల్‌కే" కూర్చున్న చోటు చూడండి, అచ్చంగా మన "అని" కూర్చునే చోటు. కన్నడంవాళ్ళు అక్కడే "అంత" అంటారు. మరాఠీవాళ్ళు "మ్హణూన్" అంటారు, దానికీ అర్థం "అని"యే. నాలుగు ఇళ్ళు, నాలుగు రకాల సామాను, సర్దిన పద్ధతి మాత్రం ఒకటే.

ఇంకోటి "కతే". "వో షాదీ కర్‌లియా కతే" అంటే వాడు పెళ్ళి చేసుకున్నాడంట. నేను కళ్ళారా చూడలేదు, ఎవరో అన్నారు, పూచీ నాది కాదు అనే అర్థమంతా ఆ రెండక్షరాల్లో ఉంది. మన "అంట" చేసే పని సరిగ్గా అదే. పుకారు చెప్పడానికి ఇంత సౌకర్యమైన ప్రత్యయం ఉన్న పేటలో పుకార్లకి కరువుండదు, అది వేరే సంగతి. ఇక "అబ్బీచ్", "వోఇచ్"లలోని "చ్" మరాఠీ "ఆత్తాచ్", "తోచ్"లలోని "చ్"యే, మనం "ఇప్పుడే", "వాడే" అని ఏకారం దీర్ఘం తీసేచోట వస్తుంది. నొక్కి చెప్పే ఈ ఏకారాన్ని నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి అవధారణార్థకం అని బోర్డు మీద రాసి నేర్పాను. వాళ్ళు దాన్ని మూడు భాషల్లో ఆడుకుంటూనే వాడేస్తున్నారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మీ గైడు ఒప్పుకుంటే కుప్వాడ్ మీద గంపర్జ్, విల్సన్ 1971లో అచ్చువేసిన వ్యాసం చదవండి. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా ఊరు అది. అక్కడ కన్నడం, మరాఠీ, ఉర్దూ, కొద్దిగా తెలుగు, ఏ భాష మాటలు ఆ భాషవే ఉండి, వాక్యాల అమరిక మాత్రం ఒకటైపోయిందని చూపించారు. మాటకి మాట మార్చేస్తే చాలు, ఇంకో భాష అయిపోతుందన్నమాట. ఎవరూ తమ భాష వదులుకోలేదు. ఇల్లు వేరు, బజారు వేరు అనే పట్టింపు ఉంది కాబట్టి మాటలు వేరుగా మిగిలాయి. రోజూ ఒకరితో ఒకరికి పని ఉంది కాబట్టి అమరిక కలిసిపోయింది. కుప్వాడ్ పల్లెటూరు, మనది బజారు, అంతా అలాగే ఉంటుందని నేననను. కానీ ఆ వ్యాసం చదివి మన సందుల్లో తిరిగితే చెవులు వేరేలా వింటాయి.

మా సందులో ఒక బట్టల కొట్టుంది. యజమాని మార్వాడీ, మూడో తరం. ఒక సాయంత్రం బల్లమీద కూర్చుని గమనించాను. గల్లాపెట్టె ముందు ఆయన, ఎదురుగా సిద్దిపేట నుంచి పెళ్ళి బట్టలకి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు. "అక్కా, ఇది రంగు పోదు, నాది గ్యారంటీ, జర పట్టి సూడు" అని వాళ్ళతో తెలుగు. సిద్దిపేట తెలుగే, నా పుస్తకాల తెలుగు కాదు. వెనక అటక మీదున్న కుర్రాడితో "అరే, వోఇచ్ డిజైన్ మే లాల్ నికాల్" అని దక్కనీ. ఇంతలో ఫోన్లో తండ్రి. గొంతు తగ్గింది, "కఠె" అనే ఒక్క ముక్క నాకు తెలిసింది, ఎక్కడ అని. పక్క కొట్టు మరాఠీ ఆయన చిల్లర కోసం వస్తే "కాకా, బసా" అన్నాడు. చివరికి బిల్లు కూడేటప్పుడు పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. "సేఠ్, ఏ భాషలో లెక్క పెట్టావ్?" అని అడిగాను. ఒక క్షణం ఆలోచించి నవ్వాడు. "ఎక్కాలు బడిలో హిందీల నేర్చిన సార్. కూడేది హిందీలనే. అప్పు రాసేది మాత్రం ఇంగ్లిష్‌ల, జీఎస్టీ వచ్చినంక."

ఆయన తాత మహాజనీ లిపిలో, అంటే షావుకార్లు పద్దులు రాసుకునే లిపిలో రాసేవాడట. దాంట్లో అచ్చుల గుర్తులు ఉండవు, అన్నీ ఉత్త హల్లులే. దానిమీద మార్వాడీలే చెప్పుకునే జోకు ఒకటుంది. "కాకా అజ్మేర్ గయే" అని ఉత్తరం వస్తే, చదివినవాడు "కాకా ఆజ్ మర్ గయే" అని చదివి ఇంట్లో ఏడుపు మొదలుపెట్టించాడట.

ఈ పేటలో ఎవరు ఏ భాషవాళ్ళని అడిగితే ఆ కొట్టు యజమాని ఏ గడిలోకి వస్తాడు? జనగణనలో మాతృభాష హిందీ గంప, ఇతర భాషలు రెండు. ఆ సాయంత్రం నేను చెవులారా విన్నవే నాలుగు. అందుకే నా మాట వింటే, ఎంతమంది అనే ప్రశ్నని పక్కనపెట్టి "ఏ పనికి ఏ భాష" అని మార్చుకోండి. మీ గైడు సంఖ్యలు కావాలంటే ఈ పద్ధతిలోనూ సంఖ్యలొస్తాయి.

పండగల మీద కూడా ఒక చాప్టర్ రాస్తారనుకుంటాను. అందరూ అందరి పండగలూ చేసుకుంటారనే మామూలు మాట వద్దు. పంచాంగం చూడండి. ఉగాదినాడు పొద్దున్నే ఒక మూడంతస్తుల ఇంటి ముందు నిలబడితే, మరాఠీవాళ్ళ కిటికీలో కర్రకి పట్టుబట్ట కట్టి చెంబు బోర్లించిన గుఢీ ఉంటుంది. పక్క వాటాలో కన్నడంవాళ్ళు బేవు బెల్ల పంచుతుంటారు, వేపపువ్వూ బెల్లమూ. కింద తెలుగువాళ్ళ పచ్చడి. మూడిళ్ళకీ వేపకొమ్మలు కోసింది ఒకే చెట్టు నుంచి. ఈ ముగ్గురికీ నెల అమావాస్యతో ముగుస్తుంది, కాబట్టి ముగ్గురికీ ఆరోజుతోనే చైత్రం మొదలు. మార్వాడీలకీ ఉత్తరాదివాళ్ళకీ నెల పున్నమితో ముగుస్తుంది. వాళ్ళకి హోలీ మర్నాడే చైత్రం వచ్చేసి సగం అయిపోయి ఉంటుంది. కృష్ణాష్టమి అందరికీ ఒకే రోజు. కానీ మనకది శ్రావణ బహుళ అష్టమి, వాళ్ళకి భాద్రపద కృష్ణ అష్టమి. శ్రావణ సోమవారాలు వాళ్ళవి పదిహేను రోజులు ముందే మొదలవుతాయి. మా వీధి చివర పూలమ్మే ఆమెకి అక్షరం రాదు గానీ ఈ రెండు లెక్కలూ నోటికి వచ్చు. "సేట్లది ఈ సోమారం, మనది ఇంకా రెండు వారాలున్నది" అంటుంది. పంచాంగకర్తలు పేజీలు రాసే విషయం ఆమెకి దండల లెక్క.

పిలుపుల్ని కూడా వదలకండి. మా సందులో నన్ను పిల్లలు సారూ అనరు. మరాఠీవాళ్ళ పిల్లలే కాదు, తెలుగు పిల్లలూ "కాకా" అంటారు. ఎదురింటి పెద్దావిడ అందరికీ "మావుషీ", మూల మీద కుట్టుమిషన్ ఆమె "ఖాలా", పాలు పోసే ఆమె "అక్కా". పెద్దవాళ్ళని వాళ్ళ భాషలో పిలవడం మర్యాద అని ఎవరూ నేర్పలేదు, అది అలా వచ్చేసింది. పిలుపు ఎవరి భాషలో ఉందో చూస్తే ఆ ఇల్లు ఆ సందులో ఎంత పాతదో తెలుస్తుంది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు అందరికీ "అంకుల్", "ఆంటీ"యే.

అక్కడికే వస్తున్నాను. ఇప్పుడు జరుగుతున్న మార్పు. ఏ భాష ఏ భాషని మింగుతోందని మీరు వెతుకుతుంటే తెలుగు, ఉర్దూల మధ్య వెతక్కండి. ఉర్దూ 2017 నుంచి తెలంగాణ అంతటా రెండో అధికార భాష, బోర్డుల మీద ఉంది. కానీ నాకు తెలిసిన ఉర్దూ ఇళ్ళలో పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, ఉర్దూ లిపి నస్తాలీఖ్‌లో రాయలేరు. వాట్సాప్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. మరాఠీ ఇళ్ళలో అవ్వా తాతలు మరాఠీలో అడిగితే మనవలు హిందీలోనో ఇంగ్లిషులోనో జవాబిస్తారు. తెలుగు ఇళ్ళు తక్కువేం తినలేదు. నా మనవరాలికి ఒత్తులు రావు. మరాఠీ, కన్నడం మీడియం బడులకి పిల్లలు తగ్గారు, తెలుగు మీడియానికీ తగ్గారు. అన్ని ఇళ్ళవాళ్ళూ పిల్లల్ని పంపేది ఒకేరకం బడికి. నేను కోప్పడే హక్కు పోగొట్టుకున్నాను, మావాళ్ళనీ అక్కడికే పంపాం కదా.

కొత్తవాళ్ళూ వస్తూనే ఉన్నారు. బంగారం పని చేసే బెంగాలీ కుర్రాళ్ళు, గోదాముల్లో బిహారీలు, హాస్టళ్ళలో కోచింగ్ కోసం వచ్చిన ఆంధ్ర పిల్లలు. వీళ్ళు సంసారాలతో రాలేదు, గదుల్లో ఉంటారు. 2020లో సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ తెరిచాక రోజంతా పనిచేసి రాత్రికి వేరే పేటకి పోయేవాళ్ళు పెరిగారు. వాళ్ళు జనగణనలో ఇంకెక్కడో లెక్కకొస్తారు. కానీ పగలు ఈ బజార్లో వినపడే భాషలో వాళ్ళ వాటా పెద్దది. కాబట్టి పగటి సర్వే వేరే, రాత్రి ఎనిమిది తర్వాత ఇళ్ళ దగ్గర సర్వే వేరే చేయండి. రెండూ కలిపి ఒక శాతం తీయకండి.

పని ఎలా మొదలుపెట్టాలో కూడా అడిగారు. నేనైతే ప్రశ్నాపత్రంలో "మీ మాతృభాష ఏది?" అనేది చివర పెడతాను. ముందు డబ్బు ఏ భాషలో లెక్కపెడతారు, కోపమొస్తే ఏ భాషలో తిడతారు, పసిపిల్లని ఏ భాషలో నిద్రపుచ్చుతారు, దేవుడికి ఏ భాషలో మొక్కుతారు అని అడగండి. ఈ నాలుగూ ఒకటే భాష అయిన ఇల్లు ఈ పేటలో అరుదు. ఒకే ఇంట్లో మూడు తరాల్నీ విడివిడిగా అడగండి. ఇంటాయన ముందు ఇంటావిడని అడిగితే ఆయన భాషే ఆమె భాష అవుతుంది. ఈ తప్పు నేను 1991లో బోలెడుసార్లు చేశాను. రాయచూరు నుంచి తెలుగింటి కోడలుగా వచ్చిన కన్నడం ఆమెని, భర్త చెప్పాడని తెలుగు గడిలో రాసి వచ్చేశాను. ఏడాది తర్వాత రేషన్ షాపు లైన్లో ఆమె ఎవరితోనో గలగలా కన్నడం మాట్లాడుతుంటే విని తల దించుకున్నాను.

పెళ్ళి శుభలేఖలు అడిగి చూడండి, ఎవరూ కాదనరు, అల్మారాలోంచి తీసి మరీ చూపిస్తారు. ఇలవేల్పు పేరు ఒక లిపిలో, లోపల ఇంగ్లిషు, వెనక ఫంక్షన్ హాలుకి దారి ఇంగ్లిషులో, పాత కార్డుల్లో అయితే ఒకవైపు ఉర్దూ కూడా దొరుకుతుంది. ఒకే ఇంట్లో 1960లనాటి కార్డు, 1990లది, నిరుటిది పక్కపక్కన పెడితే మీ చాప్టర్ సగం తయారైనట్టే. ఫొటో తీసుకుంటే పేర్లూ ఫోన్ నంబర్లూ చెరిపేయండి.

ఒక్క జాగ్రత్త. రికార్డర్ మొదటిరోజే బయటికి తీయకండి. ఫోన్ బల్లమీద పెట్టగానే అందరూ టీవీ తెలుగూ టీవీ హిందీ మాట్లాడటం మొదలుపెడతారు, మీకు "బోల్‌కే" ఒక్కటీ దొరకదు. మూడురోజులు ఊరికే టీ తాగండి. నాలుగోరోజు అడిగి రికార్డ్ చేయండి. బట్టలకొట్టు సేఠ్ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గిరాకీలో ఉంటాడు, మధ్యాహ్నం మూడింటికైతే తీరిగ్గా మాట్లాడతాడు. తాత చిట్టా పుస్తకాలు రెండు ఇంకా ఆయన దగ్గరున్నాయి. చదవగలిగినవాళ్ళు ఎవరైనా మీకు దొరికితే వెంటబెట్టుకుని రండి. ఆయనకీ వాటిలో ఏముందో తెలుసుకోవాలనే ఉంది.